నేల మీద నలభై రెండు ఇళ్ళు

రేచల్ మా ఆఫీసుకు మొదటిసారి వచ్చింది 1995 వానాకాలంలో. సుచిత్ర చౌరస్తా దగ్గర టైర్ల దుకాణం పైన రెండు గదులే మా ఆఫీసు. పేదవాళ్ళ బస్తీలకు ఇళ్ళ ప్లాన్లు గీసిచ్చి, కట్టుబడి పూర్తయ్యేదాకా వెంట ఉండే చిన్న సంస్థ మాది. నేను అప్పటికి నాలుగేళ్ళుగా అందులో పని చూసే మనిషిని. సిమెంటు వచ్చిందా, పునాది లోతు సరిపోయిందా అని చూసుకుంటూ మేడ్చల్, శామీర్‌పేట ఊళ్ళు తిరగడం నా ఉద్యోగం.

మా కార్యదర్శి దేవేందర్ సారు ఆమెను, "నీవు గీసిన ప్లానేదైనా తెచ్చినవా అమ్మా?" అని అడిగాడు. ఆమె సంచిలోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పరిచింది. ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు చేసినవాళ్ళు సాధారణంగా పెద్ద బంగళా ప్లాన్ పట్టుకొస్తారు. ఇది మాత్రం ఒకే ఒక్క గది. గోడల మధ్య ఏడుగురు మనుషులు పడుకున్నట్టు గీసి ఉంది.

"ఇదేంది?" అన్నాడు సారు.

"మా ఇల్లు సార్, యాప్రాల్ల. ఏడుగురం ఉంటం. ఎవరు యాడ పండుకుంటరో గీసిన. మా నాయిన కాళ్ళు గడపకు తగుల్తయి, అందుకే తలుపు బయటికి తెరుసుకునేటట్టు ఆయననే మార్పిచ్చిండు."

ఆమె తండ్రి సత్తయ్య కంటోన్మెంటు క్వార్టర్లలో మరమ్మతులు చేసే మేస్త్రీ. తల్లి ఎలీషమ్మ చర్చి బడిలో ఆయా. రేచల్‌కు అప్పుడు ఇరవై నాలుగేళ్ళు. దేవేందర్ సారు ఆ కాగితాన్ని చాలాసేపు చూసి, సోమవారం నుంచి రమ్మన్నాడు.

రెండేళ్ళపాటు ఆమె, మేము చెప్పిన పని చెప్పినట్టు చేసింది. నేను ఆమెను మామూలు మనిషిగానే చూశాను. 1997 ఎండాకాలంలో శామీర్‌పేట అవతల, గుట్ట కింద జరిగింది చూశాకే ఆమె ఎవరో నాకు తెలిసింది.

అక్కడి కంకర క్రషర్ల దగ్గర నలభై రెండు కుటుంబాలు గుడిసెల్లో ఉండేవి. ఆడా మగా అంతా బండలు కొట్టి బతికేవాళ్ళు. వాళ్ళకు ఇంటికి అరవై గజాల చొప్పున పట్టాలు వచ్చాయి. స్థలం ఎక్కడో తేలింది గాని, అందులో ఏ ముక్క ఎవరిదో ఇంకా తేలలేదు. ఆ లేఅవుట్ గీసే పని మాకొచ్చింది, మా ఆఫీసులో రేచల్‌కు వచ్చింది. ఆమె నాలుగు వరసలు గీసింది. నిలువుగా దారులు, అడ్డంగా దారులు, అన్నీ సమానం. ఎవరైనా అలాగే గీస్తారు.

ప్లాన్ చూపించడానికి ఇద్దరం వెళ్ళాం. ఆగి ఉన్న లారీ వెనక డాలా తలుపుకు కాగితం తగిలించి ఆమె అంతా వివరించింది. జనం చుట్టూ చేరి చూశారు. మంచిగుందన్నారు. వాళ్ళలో పెద్దమనిషి బాలనర్సయ్య, "మీరు సదువుకున్నోళ్ళు. మీరెట్లంటే గట్లనే" అన్నాడు.

తిరుగు బస్సు ఎక్కాం. అల్వాల్ దాటాక రేచల్, "వీరేందరన్నా, వాళ్ళు ఒప్పుకోలే" అంది.

"అందరు మంచిగున్నదన్నరు గద."

"ఒకామె చేతికిస్తే కాయితాన్ని తలకిందులు పట్టుకొని చూసింది. ఆమె గుడ మంచిగున్నదనే అన్నది."

మర్నాడు ఆమె దేవేందర్ సారు ముందు నిలబడి, ప్లాన్‌ను నేల మీదే గీస్తానంది. అంగుళానికి ఇన్ని అడుగులని తగ్గించి కాదు, అడుగుకు అడుగు. నలభై రెండు ఇళ్ళు, దారులు, తలుపులు, పొయ్యిగడ్డలతో సహా. వాళ్ళు ఒక రోజంతా అందులో ఉండి చూడాలి.

"బొమ్మరిల్లు ఆటకు టైమెక్కడిది రేచల్?" అన్నాడు సారు.

"ఒక్క ఆదివారం ఇయ్యుండ్రి సార్."

ఇచ్చాడు. ముగ్గుకు వెతుక్కోవాల్సిన పని లేకపోయింది. క్రషర్ల కింద తెల్లటి రాయిపిండి కుప్పలు కుప్పలుగా పడి ఉంటుంది. అడుగున చిల్లులు కొట్టిన డాల్డా డబ్బాల్లో పిండి నింపుకుని, మేకులకు తాళ్ళు కట్టి, శనివారం పొద్దున మొదలుపెట్టాం. మొదట మేమిద్దరమే. మధ్యాహ్నం దుర్గాబాయి అనే ఆమె వచ్చి డబ్బా నా చేతిలోంచి తీసుకుని, "నీకు ముగ్గు వోసుడు రాదు, జరుగు" అంది. తర్వాత పదిమంది ఆడవాళ్ళు వచ్చారు. ఆదివారం పొద్దున ఎనిమిదింటికల్లా పూర్తయింది.

సరి చూసుకోవడానికి నేను గుట్ట ఎక్కాను. పైనుంచి కిందికి చూసి అలాగే నిలబడిపోయాను. ఎర్రమట్టి మీద ఒక ఊరు ఊరంతా తెల్లగా పరుచుకుని ఉంది. గోడల్లేవు, కప్పుల్లేవు, అయినా అది ఊరే. అప్పటికి నేను వందల ప్లాన్లు చూసి ఉంటాను. వాటిలో మనుషులుంటారన్న సంగతి ఆ నిమిషందాకా నిజంగా నా మనసుకు తట్టలేదు.

తొమ్మిదింటికి జనం సామాన్లతో వచ్చారు. చాపలు, బిందెలు, రోళ్ళు, ఒకరి కోళ్ళగంప. ఏ ఇల్లు ఎవరిదో మాట్లాడుకుని తేల్చుకున్నారు, ఎవరింట్లోకి వాళ్ళు వెళ్ళారు. అప్పుడు చూశాను నేను, ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు జలదరించే సంగతి. ఎవరూ గీత దాటడం లేదు. దాటొద్దని మేము ఎవరికీ చెప్పలేదు. నెత్తిన బిందెతో వచ్చిన మనిషి గోడ పొడుగునా నడిచి, మూల తిరిగి, తలుపున్న చోటే లోపలికి పోతోంది. బాలనర్సయ్య పక్కింటి గీత బయట నిలబడి, ఎదురుగా మూడడుగుల దూరంలో కనిపిస్తున్న మనిషిని, "ఇంట్ల ఉన్నవా?" అని పిలిచాడు. ఆ మనిషి, "ఉన్న, రా" అన్నాక తలుపు గుండా లోపలికి వెళ్ళాడు.

రేచల్ నా పక్కన నిలబడి ఉంది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అన్నా, వీళ్ళకు గోడలు కనవడుతున్నయి" అంది మెల్లగా.

ఇక ఆ తర్వాత వాళ్ళ నోళ్ళు ఆగలేదు. లారీకి తగిలించిన కాగితం ముందు ఒక్క మాట పలకని జనం, గంటలో నలభై తప్పులు చూపించారు. దుర్గాబాయి పొయ్యి ముందు కూర్చుంటే వీపు గోడకు తగిలింది. రోలు పెట్టుకునే చోటు లేదు. బాలనర్సయ్య గదిలో వెల్లకిలా పడుకుని, "నా కాళ్ళు దారిల వడ్డయి మేడం, సైకిలెక్కిపోతది" అన్నాడు. అందరూ నవ్వారు. రేచల్ కూడా నవ్వుతూనే రాసుకుంది.

పదకొండు గంటలప్పుడు శివమ్మ వచ్చింది.

శివమ్మకు అరవై దగ్గర పడుతుంటాయి. పదేళ్ళ కింద బండ పేల్చినప్పుడు రాళ్ళు ఎగిరొచ్చి రెండు కళ్ళూ పోయాయి. మొగుడు అంతకుముందే పోయాడు. ఒక్కతే ఉంటుంది, ఆమె పేరునా పట్టా వచ్చింది. ఎవరో చెయ్యి పట్టుకుని తెచ్చి ఆమె గదిలో నిలబెట్టారు.

"నీ ఇల్లే అవ్వా, చూసుకో" అన్నారెవరో, అలవాటుగా.

ఆమె చేతులు చాపి చుట్టూ తిరిగింది. చేతికి ఏమీ తగల్లేదు. "నాకు గీతలు కనవడయి బిడ్డా" అంది. ఆ మాటలో ఫిర్యాదేమీ లేదు. ఉన్నమాట చెప్పింది, అంతే.

రెండేళ్ళ పరిచయంలో రేచల్ ఏం చేయాలో తెలియక నిలబడిపోవడం నేను చూసింది అప్పుడే. ముందు కదిలింది బాలనర్సయ్య. క్రషర్ దగ్గర లారీకి ఎక్కించడానికి పేర్చి పెట్టిన రాళ్ళుంటే, అక్కడి మేనేజరును అడిగి, సోమవారం పొద్దున్నే తిరిగి పెట్టేస్తామని మాటిచ్చి, నాలుగు రాళ్ళు మోసుకొచ్చి శివమ్మ ఇంటి గీత మీద పేర్చాడు. రాళ్ళు మోయడం వాళ్ళ పనే కదా. మధ్యాహ్నానికి ఆమె ఇంటికే కాదు, దారులన్నిటికీ రెండు పక్కలా రాళ్ళు పేర్చేశారు.

శివమ్మ చెప్పుల్లేకుండా పాదాలతో రాళ్ళు తడుముకుంటూ కాలనీ అంతా నడిచింది. రేచల్ వెంటే ఉంది. రెండు గంటలు తిరిగాక ముసలామె ఒక మూలమలుపులో ఆగింది.

"బిడ్డా, ఇది యాడ?"

"మూడో దారి అవ్వా."

"రెండో దారిల గుడ గిట్లనే ఉండె. నాలుగో దాంట్ల గుడ గిట్లనే ఉండె. అన్ని మూలలు ఒక్క తీరుగ జేస్తివి. గిండ్ల నా ఇల్లేదో నాకెట్ల తెలుస్తది?"

పక్కనే ఉన్న దుర్గాబాయి, "అవ్వకేంది, నాకు గుడ తెల్వట్లేదు. పొద్దుగాల ఎవరింట్లనో చాప పరిసిన" అంది.

తిరుగు బస్సులో రేచల్ తన ప్లాన్‌ను మడిచి సంచిలో పెట్టేసింది. మళ్ళీ దాన్ని తీయలేదు.

తర్వాతి రెండు ఆదివారాలు అక్కడే గడిపాం. మధ్యమధ్య సాయంత్రాలు కూడా వెళ్ళాం. నాలుగు వరసలు పోయాయి. ఏడేసి ఇళ్ళు ఒక వాకిలి చుట్టూ తిరిగేలా ఆరు వాకిళ్ళు వచ్చాయి. ఒక్కో వాకిలి ఒక్కో తీరు ఉండాలని రేచల్ పట్టుబట్టింది. చదును చేసి పారేద్దామనుకున్న పరుపుబండను ఒక వాకిట్లో అలాగే వదిలేసింది. ఒకటి పల్లానికి వాలి ఉంటుంది. ఒకదాంట్లో వేపచెట్టు, దాని నీడ. గుట్ట సందులోంచి గాలి కొట్టే చోట ఇంకొకటి. ప్రతి మార్పూ ముందు శివమ్మ నడిచి చూడాలి, ఆ తర్వాతే ముగ్గు. ఆమె బండ మీద కాలు పెట్టి, "ఇది సోమయ్యోళ్ళ వాకిలి" అని, పల్లం దిగుతూ, "ఇగ దుర్గాబాయిది" అని చెప్పేది. మూడో ఆదివారం సాయంత్రానికి రాయి తడమకుండానే తన గుమ్మందాకా వెళ్ళి నిలబడింది.

మండలాఫీసు నుంచి సర్వేయరు నర్సయ్య గారు మంగళవారం పొద్దున వచ్చి చూసి, హద్దులు పాతించాలి. ఆ తేదీ దాటితే ఆయన వేరే ఊళ్ళ పనిలో పడి మళ్ళీ నెలన్నర దాకా రారు. అప్పటికి వానలు పట్టుకుంటాయి. ఆ ఆదివారం సాయంత్రం రెండు వాకిళ్ళ కొలతలు నేను పుస్తకంలో ఎక్కించుకున్నాను. మిగిలిన నాలుగు సోమవారం మధ్యాహ్నం తీసుకుందామనుకున్నాం.

సోమవారం పొద్దున్నే, ప్రతి వారం లాగే, మాటిచ్చినట్టు రాళ్ళన్నీ క్రషర్‌కు తిరిగి వెళ్ళిపోయాయి. మేము టేపు పట్టుకుని బస్సు దిగేసరికి వాన మొదలైంది. మిరుగు కార్తెకు ముందటి వాన, గంటసేపు దంచి కొట్టింది. క్రషర్ షెడ్డు కింద నిలబడి, తెల్లటి నీళ్ళు పల్లానికి పారడం చూశాం. మూడు వారాల పని అది. వాన వెలిశాక నేల ఎర్రగా, నున్నగా, ఏమీ ఎరగనట్టు ఉంది.

మంగళవారం సర్వేయరు స్కూటరు మీద వచ్చాడు. ఎదురుగా ఖాళీ నేల. జనం పనులు మానుకుని వచ్చి నిలబడ్డారు. రేచల్ ఆయనకు దాచకుండా అంతా చెప్పింది. ఆయన నొచ్చుకుంటూ, "నేనేం జేయాలమ్మా? కొలతలు లేకుండ హద్దులెట్ల పాతాలె? పాత నాలుగు వరసల ప్లానుంది గద, అది ఇస్తే ఇయ్యాల్నే చేసిపోత" అన్నాడు.

అప్పుడు జనంలోంచి శివమ్మ గొంతు వినిపించింది.

"నేను నడుస్త బిడ్డా. నువ్వు నా ఎనక పోసుకుంట రా."

ముందు ఎవరికీ అర్థం కాలేదు. ఆమె చెప్పుల్లేని కాళ్ళతో ముందుకొచ్చి, "నన్ను పరుపుబండ కాడ నిలవెట్టుండ్రి" అంది. నిలబెట్టారు. రెండు పాదాలూ బండ మీద ఆనించి కాసేపు కదల్లేదు. గాలి ఎటునుంచి వస్తోందో ముఖం తిప్పి చూసుకుంది. తర్వాత నడవడం మొదలుపెట్టింది.

పెదాలు కదులుతున్నాయి, అడుగులు లెక్కపెట్టుకుంటోంది. రేచల్ ఒక డబ్బాతో ఆమె వెనక, నేను ఇంకో డబ్బాతో రేచల్ వెనక. శివమ్మ ఒక చోట ఆగి, "ఈడ గుమ్మం" అంటుంది. రేచల్ గుర్తు పెడుతుంది. మళ్ళీ నడక. ఇళ్ళ లోపలి కొలతలు అన్నిటికీ ఒకటే, అవి మాకు తెలుసు. మాకు కావలసింది దారులు, గుమ్మాలు, వాకిళ్ళ అంచులు. అవన్నీ ఆ పాదాల్లో ఉన్నాయి. మొదటి వాకిలి నేల మీద లేచింది. రెండోది లేచింది. ఆమె లెక్క తప్పుతుందేమోనని జనం దగ్గు కూడా ఆపుకున్నారు. మూడో వాకిట్లోకి మలుపు తిరుగుతుంటే వెనక్కి చూశాను. సర్వేయరు నర్సయ్య చెప్పులు విప్పి చేత పట్టుకుని మా వెనకే నడుస్తున్నాడు. ఎందుకు విప్పాడో ఆయన్ను నేను అడగలేదు. నేను కూడా విప్పాను.

ఆరు వాకిళ్ళూ పూర్తయ్యేసరికి రెండు గంటలు పట్టింది. ముందుగా కొలతలు రాసుకున్న రెండు వాకిళ్ళకు టేపు పెట్టి చూశాం. జానెడుకు మించి తేడా ఎక్కడా లేదు, ఒక్క చోట తప్ప. దుర్గాబాయి గుమ్మం నా పుస్తకానికీ నేల మీది గీతకూ మూడడుగుల తేడాలో ఉంది.

"అవ్వ గీడొక్కటి మర్సిపోయింది" అన్నాను.

"మర్వలే" అంది శివమ్మ. "దుర్గాబాయినే అడుగు."

దుర్గాబాయి తలొంచుకుంది. ఆదివారం పొద్దుగూకేటప్పుడు, మేము కొలతలు రాసుకుని అటు వెళ్ళాక, ఎదురింటి గుమ్మం ఎదురుపడుతోందని గీత చెరిపి, రాళ్ళు జరిపి తన గుమ్మాన్ని మూడడుగులు పక్కకు మార్చుకుందట. ఎవరికీ చెప్పలేదట. "మరి అవ్వకెట్ల తెలిసింది?" అని అడిగింది, కొంచెం భయంగా.

"మీరు పొయినాక మల్లోసారి తిరిగిన" అంది శివమ్మ.

నర్సయ్య గారు ఆ రోజు భోజనానికి కూడా వెళ్ళలేదు. సాయంత్రం దాకా ఉండి, ప్రతి హద్దు రాయీ తన ఎదుటే పాతించి వెళ్ళాడు.

ఇళ్ళు కట్టడానికి పదిహేను నెలలు పట్టింది. వాళ్ళ రాళ్ళు, వాళ్ళ చేతులే. గృహప్రవేశాల రోజు శివమ్మ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఆరు వాకిళ్ళూ తిరిగి, ప్రతి గుమ్మం ముందూ ఆగి ఇంటివాళ్ళను పేరు పెట్టి పిలిచింది. ఆమె ఆ ఇంట్లో ఆరేళ్ళు బతికింది. కొత్తగా కోడళ్ళుగా వచ్చిన పిల్లలకు కాలనీ చూపించింది ఆమేనని తర్వాత బాలనర్సయ్య నాతో అన్నాడు. శామీర్‌పేట వైపు భూముల ధరలు పెరిగాక నాలుగు కుటుంబాలు ఇళ్ళమ్ముకుని వెళ్ళిపోయాయి. నాకు బాధేసింది. రేచల్ మాత్రం, "ఇల్లు వాళ్ళది. ఉండుడు వాళ్ళిష్టమే, పోవుడు వాళ్ళిష్టమే అన్నా" అంది.

ఆ మంగళవారం తర్వాత ఆమె ఏ కాలనీకీ ముందు కాగితం మీద గీయలేదు. మా సంస్థ 2004లో మూతపడింది. నేను ఒక సిమెంటు గోడౌన్లో చేరాను. రేచల్‌కు సుచిత్రలోనే అపార్టుమెంట్లు కట్టేవాళ్ళ దగ్గర మంచి జీతానికి ఉద్యోగం దొరికింది. ఏడాది చేసి మానేసింది. భర్త బెన్నీ బస్ కండక్టరు. ఆయన జీతంతో ఇల్లు గడుస్తుందని, తాను మళ్ళీ బస్తీల వెంట తిరగడం మొదలుపెట్టింది.

చివరిసారి ఆమెను పనిలో చూసింది 2008లో, బహదూర్‌పల్లి దగ్గర. సిమెంటు దింపించడానికి వెళ్తే, రోడ్డు పక్క ఖాళీ స్థలంలో జనం మధ్య కనిపించింది. కళ్ళద్దాలు వచ్చాయి, కణతల దగ్గర జుట్టు నెరిసింది. నేల మీద తెల్లటి గీతలున్నాయి. కామేశ్వరి అనే పెద్దావిడ తన ఇంటి ముందు వాకిట్లో నిలబడి మాట్లాడుతోంది.

"అన్ని మంచిగనే వెట్టినవమ్మా. మనిషి పోతే బయట పండవెడ్తం గద. నలుగురొచ్చి కూసుంటరు. గీ వాకిలి సాల్తదా మరి?"

ఇన్నేళ్ళలో ఆ మాట రేచల్‌ను ఎవరూ అడిగి ఉండరు. ఆమె మెల్లగా ఆ గీతల మధ్య నేల మీద కూర్చుంది, కళ్ళద్దాలు పైకి జరుపుకుని పుస్తకం తెరిచింది.

"ఎంతమందొస్తరమ్మా, మీ దిక్కు?" అని అడిగింది.

కామేశ్వరి వేళ్ళు మడుస్తూ తనవాళ్ళ పేర్లు చెప్పడం మొదలుపెట్టింది.